వచ్చే ట్రిప్‌లో చూపించుకుంటా

సంస్మరణ సభలో అందరూ ఆయన నాలుక గురించే మాట్లాడారు. మాటకారితనం గురించి కాదు, రుచి గురించి. అమెరికాలో మా బెంటన్‌విల్ తెలుగువాళ్ళలో అలాంటి నాలుక ఇంకెవరికీ లేదన్నారు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని చింతపండు కొత్తదో పాతదో చెప్పేసేవారన్నారు. ఒకాయన గొంతు సవరించుకుని, "ఇకమీద మన పాట్‌లక్‌లకి జడ్జి లేరు" అన్నాడు. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో మడత కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరూ తలలూపారు.

ఆ నాలుక పనిచేయడం మానేసి చాలా కాలమైంది. ఆ సంగతి ఆయనకి తెలుసు, వాళ్ళావిడకి తెలుసు, నాకు తెలుసు.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలని ఒక ఆచారం ఉంది. అలాంటి రాతలు నేను చాలా చదివాను. వాటిలో పోయిన మనిషి తప్ప అన్నీ ఉంటాయి. ఈయనతో నేను చాలా ఏళ్ళు ఒకే కారులో ఆఫీసుకి వెళ్ళాను. ఆయన మూర్ఖుడు. తెలివితక్కువవాడైనా బాగుండేది, ఎవరో ఒకరి మాట వినేవాడు.

ఆయన దవడలో ఎప్పుడూ ఒక దగ్గు బిళ్ళ ఉండేది. మాట్లాడుతుంటే అది పళ్ళకి తగులుతూ ఒక పక్క నుంచి రెండో పక్కకి వెళ్ళేది. టక్. ఏదైనా తీర్పు చెప్పబోయే ముందు రెండుసార్లు టక్కుమనేది. పొద్దున కారెక్కి సీట్‌బెల్ట్ పెట్టుకోకముందే జేబులోంచి ప్యాకెట్ తీసి బిళ్ళకున్న కాగితం విప్పేవాడు. ఆ కాగితాలు నా కారు సీట్ల కింద ఇప్పటికీ దొరుకుతున్నాయి.

"షుగర్ పెట్టుకుని పొద్దస్తమానం ఆ చాక్లెట్లేందన్నా?" అని ఒకసారి అడిగాను. నాది కరీంనగర్, ఆయనది తెనాలి. నాకూ షుగర్ ఉంది కాబట్టి అడగొచ్చనుకున్నాను.

"చాక్లెట్ కాదు తమ్ముడూ, మందు. మందుల షెల్ఫ్‌లో కొన్నా. మందులో పంచదార ఎందుకుంటది?"

"ప్యాకెట్ వెనక సూడరాదు."

"అక్కర్లా. మెంథాల్ వాసన రావట్లా?"

నోరు ఎండుతోందని బిళ్ళ వేసుకునేవాడు. బిళ్ళ వల్ల షుగర్ పెరిగేది. షుగర్ పెరిగితే నోరు ఇంకా ఎండేది. అప్పుడు ఇంకో బిళ్ళ. ఇందులోనే తిరుగుతూ ఆయన ఆఫీసులో జూనియర్లకి లాజిక్ నేర్పేవాడు.

మా బెంటన్‌విల్‌లో వసంతకాలంలో కార్ల అద్దాల మీద పచ్చటి పుప్పొడి పేరుకుంటుంది. ముక్కు కారకుండా ఆయన ఎలర్జీ మాత్ర మొదలుపెట్టాడు. పుప్పొడి పోయి, ఆకులు రాలి, మంచు పడుతున్నా ఆ మాత్ర మానలేదు. "ముందు జాగ్రత్త" అనేవాడు. ఆ మాత్ర ముక్కుతోపాటు నోటిని కూడా ఎండగడుతుంది. ఆ డబ్బా మీద ఏం రాసి ఉందో ఆయన ఎప్పుడూ చదవలేదు. ఇతరుల డబ్బాలు చదివేవాడు. మా ఇంటికి వస్తే ఫ్రిజ్ మీదున్న నా షుగర్ మాత్రల సీసా తీసి, కళ్ళజోడు పైకి తోసి చదివి, "ఇది నీ ఒంటికి పడదు తమ్ముడూ" అని మూత బిగించి పెట్టేవాడు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆఫీసు రెస్ట్‌రూమ్‌లో మౌత్‌వాష్ పుక్కిలించేవాడు. ఆల్కహాల్ ఉండే రకం. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా పుక్కిలించి, "మండకపోతే పనిచెయ్యనట్టే" అనేవాడు. అదీ నోటిని ఎండబెట్టేదే. ఆ చప్పుడు భరించలేక మా క్లయింట్ మేనేజర్ చేతులు కడుక్కోకుండానే బయటికి వెళ్ళిపోవడం నేను చూశాను.

"షుగర్ నాకుంది. నేను షుగర్‌కి లేను." ఇది ఆయన పదేపదే చెప్పే మాట. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు నవ్వి మెచ్చుకునేవారు. దానికి అర్థమేమిటని ఒకసారి నేనడిగాను. ఆయన బిళ్ళని అటుపక్కకి పంపి కిటికీలోంచి బయటికి చూశాడు.

ఇక పళ్ళు. ఈ విషయంలో ఆయన ఒక్కడినే అనడం న్యాయం కాదు. ఇక్కడ మా వాళ్ళలో చాలామందికి పళ్ళు ఇండియాలోనే బాగు చేయించుకోవాలని ఒక పట్టుదల. ఇక్కడ పన్ను పుచ్చుతుంది, ఇక్కడే నొప్పి పెడుతుంది, మాత్రలు మింగి దాన్ని భద్రంగా కాపాడుకుంటాం. మూడు వారాల సెలవులో పెళ్ళిళ్ళకీ వీసా స్టాంపింగ్‌కీ మధ్య ఒక పూట పంటి డాక్టరు కుర్చీలో కూర్చుంటాం. తిరిగొచ్చాక లంచ్ టేబుల్ దగ్గర పెదవి పైకెత్తి కొత్త క్యాపులు చూపించుకుంటాం.

"తెనాలిలో మావాడున్నాడు" అనేవాడాయన. "ఇంటర్‌లో నా బెంచీ. ఒక్కసారి కూర్చుంటే నోరు మొత్తం సెట్ చేసి పంపిస్తాడు. ఇక్కడి వాళ్ళా? నోరు తెరవడం ఆలస్యం, ఆవులింతకి కూడా డ్రిల్లింగ్ రాస్తారు."

ఉద్యోగంతోపాటు వచ్చిన డెంటల్ ఇన్సూరెన్స్ కార్డు ఆయన పర్సులో ఉండేది. చలికాలం పొద్దున దాన్ని తీసి నా కారు అద్దం మీద మంచు గీకేవాడు. "డెంటల్ కార్డు వాడట్లేదని మీ వదిన ఒకటే గోల. ఇదిగో, వాడట్లా?" అనేవాడు. నేను మొదటిసారి నవ్వాను.

ట్రిప్ మాత్రం పడలేదు. ఆయన పాస్‌పోర్టులో వీసా స్టాంప్ గడువు ఎప్పుడో అయిపోయింది. ఇక్కడ ఉండొచ్చు, పనిచేసుకోవచ్చు. దేశం దాటితే కొత్త స్టాంప్ లేకుండా తిరిగి రాలేడు. ఒక ఏడు స్టాంపింగ్‌కి డేట్ దొరకలేదు. దొరికిన ఏడు లాయర్ వద్దన్నాడు. ఆ తర్వాత ప్రాజెక్ట్ రిలీజ్ అడ్డొచ్చింది. ప్రతిసారీ ఆయన బిళ్ళ కదిపి, "వచ్చే ట్రిప్‌లో చూపించుకుంటా" అనేవాడు. అప్పటికే కింద ఎడమవైపు దవడ పన్ను ఒకటి కదులుతోంది. చల్లటి నీళ్ళు తాగితే ఆ పక్క కన్ను మూసుకునేవాడు. ట్రిప్ దాకా ఆ పన్ను ఆగుతుందా అన్నది ప్రశ్న. ఆగుతుందని ఆయన నిర్ణయించేశాడు.

ఆయనకి మా ఊళ్ళో పేరు తెచ్చింది పాట్‌లక్‌లు, ఇంటికో వంటకం తెచ్చి కలిసి తినే విందులు. పార్కులో షెడ్డు కింద బల్లల మీద అల్యూమినియం ట్రేలు పరిచి, ఆడవాళ్ళు మూతలు తీసి నిలబడితే, ఆయన పేపర్ ప్లేటుతో ఒక చివర నుంచి బయల్దేరేవాడు. ముందు అడిగేది మజ్జిగ. "మజ్జిగ ఉందా? ముందు మజ్జిగ పొయ్యండి." పులిహోరైనా వేపుడైనా ప్రతి ముద్దకీ ఒక గుక్క మజ్జిగ. అది ఆయన తెనాలి అలవాటని అందరూ ముచ్చటపడేవారు. మజ్జిగ లేకుండా ముద్ద గొంతు దిగదని ఎవరికీ తోచలేదు.

ఒక శనివారం నా భార్య సునీత సకినాలు చేసి తెచ్చింది. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, చేత్తో చుట్లు తిప్పి చేసినవి. పొద్దంతా ఆ పని మీదే కూర్చుంది. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఆ పిండి ఆయన నోట్లో ఎటూ వెళ్ళలేదు. నాలుకతో తోశాడు, దవడ మార్చాడు, చివరికి గ్లాసెత్తి మజ్జిగతో మింగాడు.

"ఏం సునీతా" అన్నాడు అందరికీ వినపడేలా, "మీ కరీంనగర్లో ఇవి తినడానికి చేస్తారా, గోడకి కొట్టడానికా?"

షెడ్డు కింద అందరూ నవ్వారు. సునీత ట్రే మీద మూత పెట్టింది.

"తినడానికే అన్నా. పళ్ళున్నోళ్ళ కోసం చేస్తం" అంది.

ఈసారి నవ్వింది వదిన ఒక్కతే. వదిన అంటే వాళ్ళావిడ. నవ్వి వెంటనే ఆపేసింది. ఆయన మొహం చూసిందో, లేక తను ఎందుకు నవ్విందో తనకే గుర్తొచ్చిందో చెప్పలేను.

ఆ తర్వాతి పాట్‌లక్‌లో ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ప్లేటులో పప్పు ఒకసారి నోట్లో పెట్టుకున్నాడు. అది వండినావిడ ఎదురుగా నిలబడి ఎదురుచూస్తోంది. ఆయన పెదవులు కదలకుండా, నా వైపు తిరగకుండా, "తమ్ముడూ, దీంట్లో ఉప్పుందా?" అన్నాడు.

హాస్యమాడుతున్నాడనుకున్నాను. చూస్తే, చెంచా పట్టుకున్న చెయ్యి ఆగి ఉంది.

"ఉంది. కొంచెం ఎక్కువే. పోపు మాడింది" అన్నాను.

ఆయన తలెత్తి, టక్ టక్‌మనిపించి, "అమ్మాయ్, పప్పు బావుంది గానీ పోపు ఒక్క నిమిషం ముందు దించాల్సింది. ఉప్పు కూడా ఒక రవ్వ తగ్గించు" అన్నాడు. ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "చూశారా, ఎంత కరెక్ట్‌గా పట్టేశారో" అని పక్కావిడతో అంది.

అప్పట్నుంచి ప్రతి విందులోనూ అదే పద్ధతి. నేను తిని గొణిగేవాడిని, ఆయన ప్రకటించేవాడు. చింతపండు పాతదన్నది నేను. గోంగూర ఫ్రోజెన్‌దన్నది నేను. క్లబ్‌హౌస్‌లో కన్నీళ్ళతో తలుచుకున్న తీర్పులన్నీ నావే. నేను చెప్పకపోతే ఆయన తన నోటి లోపాన్ని వండినవాళ్ళ మీదికి తోసేవాడు, సునీత మీదికి తోసినట్టు. అందుకే చెప్పేవాడిని. చెబుతున్నప్పుడల్లా ఆయన మీద అసహ్యం వేసేది. ఇప్పుడు విందులకి వెళ్తే పక్క కుర్చీ వైపు తిరిగి గొణగబోతాను. ఎవరో ఒకరు, "ఏమన్నారు?" అంటారు.

ఒక సోమవారం ఆయన కారెక్కినప్పుడు బిళ్ళ చప్పుడు లేదు. ఎడమ దవడ వాచి చర్మం మెరుస్తోంది. "ఆఫీస్‌కి పోనీ" అన్నాడు. నోరు సగమే తెరుచుకుంటోంది. నేను ఆఫీసు వైపు తిప్పలేదు. వెళ్తున్నది నా డెంటిస్ట్ దగ్గరికని తెలిశాక, ఒక్కో సిగ్నల్ దగ్గర అమెరికా వైద్యాన్ని ఒక్కో రకంగా తిట్టాడు. సగం నోటితోనే.

రిసెప్షన్‌లో కార్డు ఇచ్చాడు. మంచు గీకి గీకి దాని అంచు అరిగిపోయింది. నంబర్‌లో చివరి అంకెలు కనిపించట్లేదు. కౌంటర్‌లో అమ్మాయి దాన్ని దీపం కింద పెట్టి చూసి, దీనికేమైందని ఇంగ్లీషులో అడిగింది.

"వెదర్" అన్నాడాయన.

డాక్టర్ తెలుగమ్మాయే. డాలస్‌లో పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది, ఒక్కో మాటా వెతుక్కుంటూ. ఆయన నన్ను కూడా లోపలికి రమ్మన్నాడు.

"అంకుల్, కొంచెం ఓపెన్ చేయండి. పెయిన్ ఉంటే హ్యాండ్ ఎత్తండి."

చిన్న అద్దం బుగ్గ లోపల ఆనించి చూసి, వెనక్కి తీయబోయింది. అది రాలేదు. అద్దం బుగ్గకి అంటుకుపోయింది. ఆమె మెల్లగా తిప్పి వదిలించి రెండో పక్క పెట్టింది. అక్కడా అంటుకుంది.

"మీ మౌత్ చాలా డ్రై, అంకుల్. మిర్రర్ ఇలా స్టిక్ అవ్వకూడదు. ఫుడ్ టేస్ట్ తెలుస్తుందా?"

ఆయన నా వైపు ఒక చూపు చూశాడు. "బ్రహ్మాండంగా. మా ఊళ్ళో నేనే జడ్జిని."

"బర్నింగ్ ఏమైనా?"

"లేదు."

"బ్లడ్ షుగర్ ఎంత ఉంటుంది?"

"కంట్రోల్‌లోనే."

"నంబర్, అంకుల్?"

"నంబర్లు మా ఆవిడ చూసుకుంటుందమ్మా."

నోరు ఎండినప్పుడు ఏం చేస్తారని అడిగింది. దానికి మాత్రం ఆయన ధీమాగా జేబులోంచి ప్యాకెట్ తీసిచ్చాడు. ఆమె వెనక్కి తిప్పి చదివింది. "ఇది క్యాండీ, అంకుల్."

"మందు."

"మందు కూడా ఉంది. బట్ షుగర్ ఫస్ట్ ఉంది."

ఆమె స్టూల్ దగ్గరికి లాక్కుని ఓపిగ్గా చెప్పింది. ఉమ్మి పళ్ళని కడుగుతూ ఉంటుందని, అది లేనిచోట తీపి చిగుళ్ళ అంచున కూర్చుని పన్నుని తినేస్తుందని చెప్పింది. షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళు మానవని, చిగుళ్ళలో చీముంటే షుగర్ దిగనంటుందని చెప్పింది. బిళ్ళలు మానేసి గుక్క గుక్కగా నీళ్ళు తాగమంది. చక్కెర లేని చూయింగ్ గమ్ నమలమంది. ఆల్కహాల్ లేని మౌత్‌వాష్, ఫ్లోరైడ్ ఎక్కువున్న పేస్టు రాసిచ్చింది. ఎలర్జీ మాత్ర ఏడాది పొడుగునా అవసరమా అని మీ డాక్టర్‌ని అడగమంది. ఇందులో ఒక్కటి కూడా కష్టమైన పని కాదు.

"ఈ టూత్ మాత్రం వెయిట్ చెయ్యదు, అంకుల్. ఇవాళ పస్ డ్రెయిన్ చేస్తాను, యాంటీబయాటిక్ ఇస్తాను. అన్నీ వేసుకోండి. నెక్స్ట్ వీక్ వచ్చి తీయించుకోవాలి. ఓకే?"

"మీ నాన్నగారిది ఏ ఊరమ్మా?" అన్నాడాయన.

తిరిగి వస్తుంటే కారులో ఆమె తెలుగుని వెక్కిరించాడు. "మౌత్ డ్రై అంట. ఇంత చదువు చదివి చివరికి ఉమ్మి గురించి పాఠం చెప్పింది." జేబు తడుముకుని ప్యాకెట్ తీసి నా వైపు చాచాడు. "బిళ్ళ కావాలా?"

వాపు తగ్గింది. తగ్గగానే మాత్రలు సగంలో ఆపేశాడు. "తగ్గిందిగా" అన్నాడు. ఆమె ఇచ్చిన అపాయింట్‌మెంట్ రోజు నేను గుర్తు చేశాను. సరిగ్గా ఆ వారమే ఆయనకి స్టాంపింగ్ డేట్ దొరికింది. డిసెంబర్‌కి టికెట్లు బుక్ చేశాడు. తెనాలి పంటి డాక్టరుకి ఫోన్ చేసి నోరు మొత్తానికీ మాట్లాడుకున్నాడు. ఇంకొన్ని వారాలే కదా అన్నాడు. అంత సంతోషంగా నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

"తమ్ముడూ, పళ్ళు కట్టించుకుని వచ్చాక సునీతని సకినాలు చెయ్యమను" అన్నాడు కారు దిగుతూ. "అప్పుడు చెప్తా అవి ఎట్టా ఉన్నాయో. నిజంగా చెప్తా."

నవంబర్ చివర థాంక్స్‌గివింగ్ సెలవుల్లో వాపు మళ్ళీ వచ్చింది. లవంగం పెట్టుకున్నాడు. ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. ఆస్పత్రికి వెళ్దామని వదిన అంటే, "సెలవులు కదా, సోమవారం చూద్దాం" అన్నాడు. ఈసారి చీము దవడ దగ్గర ఆగలేదు, మెడలోకి దిగింది. మింగలేకపోయాడు, తర్వాత ఊపిరి అందలేదు. వదిన అంబులెన్స్ పిలిచింది. ఆస్పత్రిలో షుగర్ చూసి వాళ్ళు కంగారుపడ్డారు. చేయగలిగిందంతా చేశారు. సోమవారం రాకముందే పోయాడు.

వాట్సాప్ గ్రూప్‌లో గుండెపోటు అని వచ్చింది. ఆయన బావమరిది పెట్టాడు. గుండెపోటు పరువైన చావు. బాగా కష్టపడ్డాడనో, అందరి బాధలూ నెత్తినేసుకున్నాడనో చెప్పుకోవచ్చు. పన్నుతో పోయాడంటే ఏం చెప్పుకుంటారు? అసలు సంగతి వదిన వంటింట్లో సునీతకి చెప్పింది. వదినని నేను ఒక్క మాట అనను. ఇన్నేళ్ళూ ఆయన కోసం కూరలు మిక్సీలో మెత్తగా తిప్పిన మనిషి ఆవిడ.

సభలో ప్రసంగాలయ్యాక భోజనాలు పెట్టారు. పప్పు నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు వేయడం మర్చిపోయారు. చుట్టూ చూశాను. అందరూ మామూలుగా తింటున్నారు. పాట్‌లక్‌లకి జడ్జి లేడని ప్రసంగించినాయన నా ఎదుటే కూర్చుని ఐసు నీళ్ళు తాగి, ఒక పక్క కన్ను మూసుకున్నాడు.

"పన్నా?" అన్నాను.

"చాన్నాళ్ళ నుంచీ ఉందండి" అన్నాడు చెంప పట్టుకుని. "పర్లేదు, వచ్చే ట్రిప్‌లో చూపించుకుంటా."

దండ వేసిన ఆయన ఫోటో ఉన్న బల్ల అతని వెనకే ఉంది.

కొన్నాళ్ళకి నా చెకప్ వచ్చింది. అదే కుర్చీ, అదే డాక్టర్. అద్దం బుగ్గకి ఆనించి తీసింది. తేలిగ్గా వచ్చేసింది. "గుడ్, అంకుల్. నైస్ అండ్ వెట్" అంది. దీపం సర్దుతూ అడిగింది.

"మీతో వచ్చిన ఆ అంకుల్ మళ్ళీ రాలేదు. ఇండియాలో చేయించుకున్నారా?"

నా నోట్లో అద్దం ఉంది. ఆమె అది గమనించి బయటికి తీసి ఆగింది.

"పోయారమ్మా" అన్నాను.

"ఓ. సారీ, అంకుల్." మాస్క్ పైన కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. "ఏమైంది?"

వాట్సాప్ గ్రూప్‌లో పెట్టిన గుండెపోటు మాట నా నోటిదాకా వచ్చింది.

"పన్ను" అన్నాను.

ఆమె చేతిలోని అద్దం ట్రేలో పెట్టింది.

"అదేనా?" అంది.

నేను నా ఎడమ దవడ మీద, కింద వెనకవైపు, వేలు పెట్టి చూపించాను.